హజీరా నుంచి రెండు దారులు: సూరత్ పరిసరాల్లో బైకు యాత్రలు, జెట్ స్కీ విహారం

సూరత్ నగరానికి పశ్చిమాన, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా నుంచి రెండు దారులు బయలుదేరతాయి. ఒకటి 53వ నంబరు జాతీయ రహదారి. ధూలే, జల్‌గావ్, అకోలా, అమరావతి, నాగపూర్, రాయపూర్, సంబల్‌పూర్ నగరాలను కలుపుకుంటూ, దేశాన్ని అడ్డంగా దాటి, ఒడిశాలోని పారాదీప్ రేవు వద్ద బంగాళాఖాతం ఒడ్డున ముగుస్తుంది. ఒక సముద్రం దగ్గర మొదలై మరో సముద్రం దగ్గర ఆగే దారి అది. రెండవది నీటి దారి. ఖంభాత్ సింధుశాఖను దాటి సౌరాష్ట్రలోని ఘోఘా రేవుకు చేరే ఓడ మార్గం. మోటారు సైకిలుపై దూరయాత్రలు చేసేవారు మొదటి దారిని ఎంత ఇష్టపడతారో, రెండవ దారితోనూ వారికి అంతే పని ఉంది. ఆ ఓడ దిగి మళ్లీ బండి ఎక్కితే, ఒక పగటి ప్రయాణంలో దీవ్ చేరవచ్చు. జెట్ స్కీ అని అందరూ పిలిచే నీటి వాహనం అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది.

బైకు యాత్ర, జెట్ స్కీ విహారం చూడటానికి వేర్వేరు సరదాలు. కానీ ఒకదానిపై మక్కువ ఉన్నవారు రెండవదాని వైపు ఆకర్షితులు కావడం ప్రపంచమంతటా కనిపించేదే. రెండింటిలోనూ యంత్రంపై కాళ్లు చెరోవైపు వేసి కూర్చోవాలి, హ్యాండిల్ పట్టుకోవాలి, మలుపులో శరీరాన్ని వాల్చాలి. గాలి ముఖానికి కొడుతుంది. చుట్టూ గోడలు ఉండవు. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. నీటి వాహనం పుట్టిందే మోటారు సైకిలు నుంచి.

బురద నుంచి నీటిలోకి

అమెరికాకు చెందిన క్లేటన్ జాకబ్సన్ మట్టిదారులపై జరిగే మోటారు సైకిలు పందేల్లో పాల్గొనేవారు. ఆ పందేల్లో కిందపడటం మామూలే, దెబ్బలూ మామూలే. కిందపడినా దెబ్బ తగలని చోట ఇదే వేగాన్ని, ఇదే ఒడుపును అనుభవించలేమా అన్న ఆలోచన ఆయనకు 1960ల నడిమి సంవత్సరాల్లో వచ్చింది. అల్యూమినియంతో మొదటి నమూనా తయారు చేశారు. ఇంజను తిప్పే పంకా నీటి వెలుపల ఉంటే పడినవారికి ప్రాణాపాయం. కనుక ఆయన దానిని వాహనం పొట్టలోకి చేర్చి, నీటిని లోపలికి పీల్చి వెనుకకు చిమ్మే పంపు పద్ధతిని ఎంచుకున్నారు.

ఆయన ఆలోచన ఆధారంగా కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ 1968లో సీ-డూ పేరుతో ఒక వాహనాన్ని విడుదల చేసింది. అది అంతగా ఆదరణ పొందలేదు. 1970 దశకం తొలి సంవత్సరాల్లో జపాన్ మోటారు సైకిలు సంస్థ కవాసాకి, నిలబడి నడిపే వాహనాన్ని జెట్ స్కీ అనే పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. నిజానికి జెట్ స్కీ అన్నది ఆ ఒక్క సంస్థ వాణిజ్య నామం. వనస్పతిని డాల్డా అన్నట్లు, ఏ సంస్థ తయారుచేసినా జనం దానిని జెట్ స్కీ అనే అంటున్నారు. మన తీరాల్లో వాటర్ స్కూటర్ అన్న మాట కూడా వినిపిస్తుంది. 1980ల రెండవ భాగంలో మరో మోటారు సైకిలు సంస్థ యమహా, కూర్చుని నడిపే వేవ్ రన్నర్‌ను తీసుకువచ్చింది. నిలబడి సమతూకం నిలుపుకోవలసిన అవసరం తప్పడంతో ఈ సరదా క్రీడాకారుల నుంచి సామాన్య పర్యాటకులకు చేరింది. నేడు ఈ రంగంలో ఉన్న ప్రధాన సంస్థల్లో రెండు, కవాసాకి, యమహా, మోటారు సైకిళ్లకు పేరుపొందినవే. హోండా కూడా కొన్నేళ్లు ఈ వాహనాలను తయారుచేసింది.

శక్తి విషయంలో మాత్రం పోలిక చెల్లదు. మన రోడ్లపై దూరయాత్రలకు విరివిగా వాడే 350 సి.సి. మోటారు సైకిలు ఇరవై అశ్వశక్తుల స్థాయిది. పెద్ద జెట్ స్కీల ఇంజన్లు 1,500 సి.సి. దాటి, 300 అశ్వశక్తులను అందుకుంటాయి. గరిష్ఠ వేగం గంటకు సుమారు 105 కిలోమీటర్లు. పూర్తి వేగంతో నడిపితే గంటకు 50 లీటర్లకు పైగా పెట్రోలు తాగేవి కూడా వీటిలో ఉన్నాయి. బైకు యాత్రికుడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని లెక్క వేస్తే, జెట్ స్కీ నడిపేవారు గంటకు ఎన్ని లీటర్లు పోతుందని లెక్క వేస్తారు. వినోద కేంద్రాల్లో విహారాన్ని నిమిషాల లెక్కన అమ్మడానికి ఇది ఒక కారణం.

చేతికి అలవాటైనదే చేటు

మోటారు సైకిలు నడపడం వచ్చినవారికి జెట్ స్కీ సులువు అన్న అభిప్రాయం బలంగా ఉంది. అది సగమే నిజం. మిగిలిన సగం తెలియకపోవడం ప్రాణాల మీదకు తెస్తుంది.

రోడ్డుపై ఏదైనా అడ్డం వచ్చినప్పుడు నడిపేవారి చేయి తనంతట తానే యాక్సిలరేటర్‌ను వదిలేస్తుంది, వేళ్లు బ్రేకు మీదకు పోతాయి. ఏళ్ల తరబడి ఒంటబట్టిన ఈ అలవాటు అక్కడ ప్రాణాన్ని కాపాడుతుంది. జెట్ స్కీకి సాధారణ పడవలకు ఉన్నట్లు చుక్కాని ఉండదు. అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది, ఇంపెల్లర్ దానిని ఒత్తిడితో వెనుక గొట్టం నుంచి చిమ్ముతుంది. హ్యాండిల్ తిప్పితే కదిలేది ఆ గొట్టం మూతి మాత్రమే. నీటి ధార ఏ వైపు పోతే వాహనం వెనుక భాగం దానికి ఎదురు వైపు జరుగుతుంది, ముఖం ధార పోయే వైపే తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలితే ధార ఆగిపోతుంది. ధార లేనప్పుడు హ్యాండిల్‌ను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. వాహనం అప్పటివరకు ఉన్న వేగంతో, అప్పటివరకు వెళుతున్న దిక్కులోనే జారిపోతుంది. అంటే ఎదుట ఉన్న పడవనో, ఈతగాడినో తప్పించాలంటే భయం వేసినా యాక్సిలరేటర్‌ను కొంత నొక్కి ఉంచి హ్యాండిల్ తిప్పాలి. రోడ్డు నేర్పిన పాఠానికి ఇది పూర్తిగా విరుద్ధం.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1998లో వెలువరించిన అధ్యయనం ఈ తేడాను మరో కోణంలో చూపింది. వినోద నౌకల ప్రమాదాల్లో మరణాలకు ప్రధాన కారణం నీట మునగడం. ఒక్క జెట్ స్కీ తరగతి వాహనాల్లో మాత్రం మునగడం కంటే ఢీకొన్నప్పుడు తగిలే దెబ్బల వల్ల మరణించినవారే ఎక్కువ. లైఫ్ జాకెట్ తేలేలా చేస్తుంది గాని ఢీకొనకుండా ఆపలేదు. తర్వాతి కాలంలో తయారీ సంస్థలు యాక్సిలరేటర్ వదిలినా కొంత అదుపు మిగిలేలా మార్పులు చేశాయి. సీ-డూ వాహనాలకు 2009లో బ్రేకు కూడా వచ్చింది. అయితే పర్యాటక తీరాల్లో అద్దెకు తిరిగే వాహనం ఏ తరానికి చెందినదో ఎక్కేవారు అడిగి తెలుసుకోవలసిందే.

ఇంకొక జాగ్రత్త ఉంది. దానిని మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. వేగంగా ముందుకు దూకినప్పుడు వెనుక కూర్చున్నవారు వెనక్కు జారి ధార ఎదుట పడితే, ఆ నీటి ఒత్తిడి శరీరంలోకి చొచ్చుకుపోయి తీవ్రమైన అంతర్గత గాయాలు చేయగలదు. పలుచని ఈత దుస్తులు సరిపోవని, మందపాటి రబ్బరు దుస్తుల వంటివి ధరించాలని తయారీదారులు వాహనంపైనే హెచ్చరిక అంటిస్తారు. మన తీరాల్లో ఆ అక్షరాలను చదివేవారు తక్కువ. నడిపేవారి మణికట్టుకు లేదా జాకెట్‌కు కట్టే తాడు సంగతి కూడా ఇంతే. మనిషి పడిపోగానే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది, వాహనం అందకుండా దూరమైపోదు. పదే పదే పెట్టుకోవడం విసుగని దానిని హ్యాండిల్‌కే చుట్టి వదిలేస్తే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్లే.

సూరత్ సముద్రం ఎందుకు అనువు కాదు

సూరత్‌కు సముద్రం దగ్గరే. నల్లని ఇసుకకు పేరుపడిన డుమస్ తీరం, హజీరాకు ఉత్తరాన సువాలి తీరం సెలవు రోజుల్లో జనంతో నిండిపోతాయి. అయినా జెట్ స్కీ విహారానికి ఇవి అనువైన చోట్లు కావు. కారణం ఆటుపోట్లు.

ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. లోపలికి వెళ్లే కొద్దీ ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. వెడల్పాటి నోటి గుండా వచ్చిన పోటు నీరు చోటు చాలక పైకి లేస్తుంది. భావనగర్ వద్ద పోటుకు, పాటుకు మధ్య నీటి మట్టంలో తేడా పది మీటర్లను దాటుతుంది. హజీరా దగ్గర అది అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆరు మీటర్ల పైమాటే. విశాఖపట్నంలో ఈ తేడా ఒకటిన్నర మీటరు మాత్రమేనని గుర్తు చేసుకుంటే తెలుగు శ్రోతలకు విషయం తేలికగా బోధపడుతుంది. సుమారు ఆరు గంటల వ్యవధిలో రెండంతస్తుల మేడంత ఎత్తు నీరు వచ్చి చేరడం, మరో ఆరు గంటల్లో పోవడం ఇక్కడ నిత్యకృత్యం. నీరు తీసినప్పుడు తీరం చాలా దూరం బురదనేలగా బయటపడుతుంది. ఆ బురదలో బండ్లు కూరుకుపోవడం, పోటు వచ్చేలోగా వాటిని లాగేందుకు ట్రాక్టర్లను పిలవడం డుమస్‌లో పలుమార్లు జరిగింది. గట్టి ఇసుక అనుకుని బైకు దింపే యాత్రికులకూ ఇదే ప్రమాదం.

నీరు ఉన్నప్పుడు ప్రవాహం బలంగా ఉంటుంది, ఒండ్రు కలిసి అడుగు కనిపించదు. ఇసుక దిబ్బలు చోటు మారుతుంటాయి. జెట్ స్కీ అడుగు జాలీ గుండా ఇసుక, బురద లోపలికి పోతే ఇంపెల్లర్ దెబ్బతిని వాహనం నడిసముద్రంలో నిలిచిపోతుంది. దీనికి తోడు హజీరా పెద్ద ఓడల రాకపోకలున్న పారిశ్రామిక రేవు. ఈ నీటి స్వభావం చరిత్రలోనూ కనిపిస్తుంది. తాపీలోకి పెద్ద ఓడలు రాలేకనే పదిహేడవ శతాబ్దంలో ఐరోపా వర్తకులు ఇసుక దిబ్బ చాటున లోతైన నీరు ఉన్న సువాలి వద్ద లంగరు వేసేవారు. 1612లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడలు పోర్చుగీసు వారితో తలపడింది అక్కడే.

ఇక తాపీ నది. నగరంలో సింగణ్‌పూర్ వద్ద నిర్మించిన ఆనకట్ట సముద్రపు ఉప్పునీటిని దిగువన ఆపి, ఎగువన మంచినీటిని నిలుపుతుంది. నగరం దాహం తీర్చే నీరు అది. పెట్రోలు, ఇంజను నూనె ఒలికే వినోదానికి ఆ నీరు తగదని వేరే చెప్పనక్కరలేదు. తాపీ 100వ నంబరు జాతీయ జలమార్గంగా 2016 చట్టంలో చోటు చేసుకున్నా, ఎగువన ఉకాయి జలాశయం నుంచి విడుదలయ్యే నీటిని బట్టే దాని తీరు. 2006 ఆగస్టులో ఆ విడుదల సూరత్‌లో అధిక భాగాన్ని ముంచిన సంగతిని నగరం మరిచిపోలేదు.

ఓడ ఎక్కిన బండి

అందుకే సూరత్ బైకు యాత్రికులు జెట్ స్కీ కోసం సౌరాష్ట్ర తీరం వైపు చూస్తారు. హజీరా, ఘోఘాల మధ్య మనుషులతో పాటు వాహనాలను మోసుకుపోయే రో-పాక్స్ ఓడను 2020 నవంబరు 8న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. రోడ్డు మీద సింధుశాఖ చుట్టూ తిరిగి 370 కిలోమీటర్లు పోవలసిన దూరం సముద్రం మీద 90 కిలోమీటర్లయింది. పది పన్నెండు గంటల ప్రయాణం సుమారు నాలుగు గంటలకు తగ్గింది. అంతకు ముందు 2017లో ఘోఘా, దహేజ్‌ల మధ్య ఇలాంటి సర్వీసే మొదలైంది. నర్మద మోసుకువచ్చే ఒండ్రు వల్ల రేవు వద్ద ఓడకు కావలసిన లోతు నిలవక అది ఆగిపోయింది. ఇక్కడ ఏ ప్రణాళికకైనా సముద్రం ఒప్పుకోవాలి.

ఓడలో బండి పెట్టేటప్పుడు పాటించవలసినవి చిన్న విషయాలే. కింది అంతస్తు ఉక్కు నేల తడిగా ఉంటే టైరు జారుతుంది కనుక నెమ్మదిగా ఎక్కించాలి. బండిని మొదటి గేరులో ఉంచి, సైడ్ స్టాండు వేసి, సిబ్బంది చేత పట్టీలతో బిగించుకోవాలి. సామాను సంచుల బరువు ఒకే వైపు ఉంటే ఓడ ఊగినప్పుడు బండి ఒరిగిపోతుంది. వాతావరణం బాగా లేకపోతే సర్వీసు రద్దు కావచ్చు కనుక బయలుదేరే ముందు విచారించుకోవడం మంచిది.

ఘోఘా దిగాక భావనగర్ నుంచి ద్వారక వైపు తీరం వెంట సాగే 51వ నంబరు జాతీయ రహదారి దొరుకుతుంది. తలాజా, మహువా, రాజులా, ఊనాల మీదుగా వెళ్లి ఊనా వద్ద పక్కకు తిరిగితే దీవ్. అక్కడి నాగవా తీరం జలక్రీడలకు పేరుపొందింది. ఘోఘలా తీరానికి 2020 అక్టోబరులో అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. దేశంలో మొదటి విడతగా ఆ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో ద్వారక సమీపంలోని శివరాజ్‌పూర్, విశాఖలోని రుషికొండ కూడా ఉన్నాయి. వర్షాకాలంలో పడమటి తీరమంతటా జలక్రీడలు నిలిచిపోతాయి. శీతాకాలమే అనువైన వేళ. వినోద కేంద్రాల్లో సాధారణంగా నిర్వాహకుడే వెనుక కూర్చుని వాహనాన్ని అదుపులో ఉంచుతాడు. ఆ ఏర్పాటును చిన్నతనంగా భావించి ఒంటరిగా ఇమ్మని పట్టుబట్టడం తెలివైన పని కాదు.

దీవ్ గుజరాత్‌లో భాగం కాదు, కేంద్రపాలిత ప్రాంతం. గుజరాత్‌లో ఉన్న మద్యనిషేధం అక్కడ లేదు. ఈ తేడాయే కొందరి ప్రయాణాన్ని విషాదంగా మారుస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నేరం. నీటిపై ఎండ, గాలి, అలల కుదుపు కలిసి మద్యం ప్రభావాన్ని మరింత పెంచుతాయి.

ఉప్పునీటి విహారం తర్వాత రెండు వాహనాలకూ మంచినీటి స్నానం తప్పదు. బైకు గొలుసుకు, డిస్కులకు పట్టిన ఉప్పును కడిగి మళ్లీ నూనె పెట్టకపోతే తుప్పు మొదలవుతుంది. జెట్ స్కీ ఇంజను లోపలి గొట్టాల్లో కూడా మంచినీరు పారించాలి. చాలా నమూనాల్లో ముందు ఇంజను నడిపి తర్వాతే నీరు తిప్పాలి, ముందు నీరు కట్టి తర్వాతే ఇంజను ఆపాలి. ఈ వరుస తప్పితే నీరు ఇంజనులోకే చేరుతుంది.

వానల్లో కొండలు, తెలుగు నేలకు దారి

సముద్రం మూసుకుపోయిన నెలల్లో కొండదారులు తెరుచుకుంటాయి. సూరత్‌కు సుమారు 160 కిలోమీటర్ల దూరాన, మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న సాపుతారా కొండ విడిది, దారిలో డాంగ్ జిల్లా టేకు అడవులు వానాకాలంలోనే చూడదగినవి. 182 మీటర్ల పటేల్ విగ్రహం ఉన్న ఏకతా నగర్ ఒక రోజు యాత్ర. సాపుతారా మలుపుల్లో తడి ఆకులు, కొండ మీది నుంచి జారిన మట్టి, పొగమంచు మూడూ ఒకేసారి ఎదురవుతాయి.

సూరత్ మరమగ్గాల పరిశ్రమలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. సొంత ఊరికి బండిపైనే పోదామనుకునేవారికి 53వ రహదారిపై అకోలా దాకా వెళ్లి, అక్కడి నుంచి 161వ రహదారిపై వాషిం, హింగోలి, నాందేడ్ మీదుగా సంగారెడ్డి చేరే దారి ఉంది. ఈ 53వ రహదారి మీదే అమరావతి, అకోలాల మధ్య 75 కిలోమీటర్ల తారు వరుసను 2022 జూన్‌లో ఐదు రోజుల లోపే వేసి గిన్నిస్ రికార్డు సాధించారు. దారి బాగుంది కదా అని ఒక్క దమ్మున పోవడానికి మాత్రం ఇది చిన్న ప్రయాణం కాదు. రెండు గంటలకొకసారి ఆగడం, అర్ధరాత్రి దాటాక బండి తీయకపోవడం, మధ్యలో ఒక రాత్రి బస అనుభవజ్ఞులు పాటించే పద్ధతులు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. శిరస్త్రాణం లేకుండా మరణించినవారు 50,029 మంది, అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. చట్టం 129వ సెక్షను ఇద్దరికీ శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని వాటిని అమ్మడం నేరం. నీటిపై నిబంధనలు ఇంత పాతుకుపోలేదు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం యంత్రబలంతో నడిచే నావలకు తనిఖీ, నమోదు అవసరమని చెప్పింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. 2024 జనవరి 18న వడోదరలోని హరణీ చెరువులో పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించినప్పుడు అందరికీ లైఫ్ జాకెట్లు లేవన్న సంగతి బయటపడింది. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద మునిగిన పర్యాటక బోటును తెలుగువారు మరిచిపోలేరు.

జలక్రీడల నిర్వాహకులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. పడవ నడపడం, నీట పడినవారిని రక్షించడం అక్కడ నేర్పుతారు. అద్దెకు తీసుకునేవారు నిర్వాహకుడి శిక్షణ పత్రం చూపమని అడగవచ్చు. తీరానికి వెళ్లే ముందు రోజు అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు తెలుసుకోవాలంటే హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, ప్రకటనలు చూడవచ్చు. మత్స్యకారుల కోసం జారీచేసే ఆ సూచనలు పడమటి తీరానికీ వర్తిస్తాయి. హజీరా ఓడ కోసం వేచి ఉండే బైకు యాత్రికులకూ అవి అంతే ఉపయోగం.